వాకిలి దాటిన వైద్యము



శతవార్షికోత్సవ సంచికలలో వైద్యసేవను గూర్చి వ్రాయునప్పుడు ఆసుపత్రుల పేర్లు, అవి కట్టిన సంవత్సరములు, పడకల సంఖ్య, పని చేసిన డాక్టర్ల వరుస చెప్పుట వాడుక. అవి చెప్పవలసినవే. పెద్దల శ్రమను మరచిన సంఘము నిలువదు. అయితే ఈ వ్యాసములో మేము మరియొక లెక్క చూడదలచినాము. ఆసుపత్రికి వచ్చినవారెందరు అను లెక్క రిజిస్టరు పుస్తకములలో దొరుకును. రాలేకపోయినవారెవరు, ఏ అడ్డు వలన రాలేకపోయినారు, ఆ అడ్డును ఎవరు ఎట్లు తొలగించినారు అను లెక్కను చరిత్రలో వెదకవలెను.

కపెర్నహూములో పక్షవాయువు గలవానిని నలుగురు మోసికొని వచ్చిన సంగతి మన ఆదివారపు బడి పిల్లలకు కూడ తెలియును. స్వస్థపరచగలవాడు ఇంటిలోనే ఉన్నాడు. కాని వాకిట జనము నిండి దారి లేకపోయినది. అప్పుడు ఆ నలుగురు ఇంటి కప్పు విప్పినారు. తెలుగు నాట క్రైస్తవ వైద్యసేవ చరిత్ర ఒక విధముగా ఆ కప్పు విప్పిన చరిత్రయే. మందు ఒకచోట ఉన్నది, రోగి ఇంకొకచోట ఉన్నాడు. మధ్యనున్న అడ్డు తీయుటయే అన్ని కాలములలోను కష్టమైన పని.

మందుల పెట్టె

1842లో గుంటూరు చేరిన లూథరన్ మిషనెరీ ఫాదర్ హేయర్ గారు పాఠశాలల కొరకు, సువార్త కొరకు వచ్చినవారే. జ్వరములు, విరేచనములు, కలరా ప్రతి ఏటను ఊళ్లను ఊడ్చుచున్న కాలమది. ఆయన స్వదేశమునకు తిరిగి వెళ్లినప్పుడు, యాభై ఏండ్లు దాటిన వయస్సులో బాల్టిమోరులో వైద్యశాస్త్రము చదివి 1847లో పట్టము పొందినారు. మరుసటి సంవత్సరము మరల గుంటూరు చేరి, తరువాత పల్నాటిలో గురజాల ప్రాంతమున పని చేసినారు. అంత వయస్సులో మరల విద్యార్థియై బల్లమీద కూర్చుండుట చిన్న సంగతి కాదు. తాను బోధించు ప్రజలు దేనివలన చనిపోవుచున్నారో చూచినవాడు గనుక ఆయన ఆ పని చేసినారు.

అయినను ఒక మనిషి, ఒక మందుల పెట్టె ఎంత దూరము పోగలవు? పైగా ఆ పెట్టె ఎంత దూరము పోయినను, దాటలేని గడప ఒకటి ఉండెను.

ఘోషా అడ్డు

ఆ గడప వెనుక ఉన్నవారు స్త్రీలు. ఘోషా కుటుంబములలోనే గాక అనేక గౌరవ కుటుంబములలో కూడ పర పురుషుడైన డాక్టరు స్త్రీని చూచుటకు వీలు లేదు. కాన్పు కష్టమైనప్పుడు మంత్రసానికి తెలిసినంతవరకే సహాయము. అది చాలనప్పుడు తల్లియో, బిడ్డయో, ఇద్దరునో దక్కరు. ఊరిలో డాక్టరు ఉన్నను ఆ తల్లికి లేనట్లే.

1883 నవంబరులో డాక్టరు అన్నా సారా కుగ్లర్ దొరసానిగారు గుంటూరు వచ్చినారు. ఆమె పెన్సిల్వేనియాలోని స్త్రీల వైద్య కళాశాలలో 1879లో పట్టభద్రురాలు. అయితే మిషను బోర్డు ఆమెను డాక్టరుగా పంపలేదు. జెనానా స్త్రీలకు చదువు చెప్పు ఉపాధ్యాయినిగా పంపినది. బోర్డు అప్పటికి వైద్యసేవకు సిద్ధపడలేదు. ఆమె మాత్రము మందులు వెంట తెచ్చుకొని, చదువు చెప్పుటకు వెళ్లిన ఇండ్లలోనే రోగులను చూచుట మొదలుపెట్టినారు. రెండు సంవత్సరములు గడచిన తరువాత 1885లో బోర్డు ఆమెను వైద్య మిషనెరీగా నియమించినది. అదే సంవత్సరము భారత స్త్రీలకు స్త్రీ డాక్టర్లను సమకూర్చుటకై లేడీ డఫరిన్ నిధి కూడ ఏర్పడినది.

కుగ్లర్ గారి ఆసుపత్రి గుంటూరులో 1898లో తెరువబడినది. ఆమె వచ్చి అప్పటికి పదునైదు సంవత్సరములు. ఈ పదునైదు సంవత్సరములను మనము గమనింపవలెను. ముందు భవనము కట్టి, తరువాత రోగుల కొరకు ఎదురుచూడలేదు. ముందు ఇండ్లకు వెళ్లినారు, నమ్మకము సంపాదించినారు, ఆ తరువాత భవనము లేచినది. ఆ కాలపు మిషను ఆసుపత్రులలో రోగి వెంట వచ్చిన బంధువులు తమ వంట తామే చేసికొనుటకు వీలు కల్పించుచుండిరి. లేనియెడల కులాచారము అడ్డు వచ్చి రోగి గుమ్మము తొక్కడు. 1930లో కుగ్లర్ గారు గుంటూరులోనే ప్రభువునందు నిద్రించినారు. ఆసుపత్రి ఆమె పేరనే నిలిచినది.

ముట్టుకొను చేతులు

డాక్టరు వచ్చినను, రోగిని రాత్రింబగళ్లు కనిపెట్టి యుండు చేతులు కావలెను. రక్తము, చీము, మలమూత్రములు ముట్టుకొను పనిని ఆ కాలపు సమాజము మైలపనిగా ఎంచినది. మంచి కుటుంబపు ఆడపిల్లలు చేయతగినది కాదనినది. ఈ పనికి ముందు వచ్చినది మన పిల్లలే. ఆ రోజులలో మాలపల్లెల నుండి, మాదిగపల్లెల నుండి బోర్డింగు బడులలో చదివి, తెల్లని చీర కట్టి నర్సులైన ఆడపిల్లలు మన సంఘ చరిత్రలో ఏ బిషపుగారికిని తీసిపోరు. స్వాతంత్ర్యమునకు పూర్వము భారతదేశములో శిక్షణ పొందిన నర్సులలో అత్యధికులు క్రైస్తవులే అనుట చరిత్రకారులందరు ఒప్పుకొను సంగతి.

ఇందులో ఒక విశేషము కలదు. ఏ చేతులను ముట్టరాదని ఊరు వెలివేసినదో, ఆ చేతులే కాన్పు గదిలో ఊరి పెద్దల బిడ్డలను మొదట ఎత్తుకొన్నవి. మన సంచికలలో డాక్టర్ల ఛాయాచిత్రములు కనబడును. నర్సుల పేర్లు అరుదుగా కనబడును. ప్రతి సంఘము తన రిజిస్టరు తిరుగవేసి, ఏ ఏ సంవత్సరములలో ఎవరు నర్సు శిక్షణకు వెళ్లినారో వ్రాసి భద్రపరచవలెనని మేము కోరుచున్నాము. ఆ జాబితా లేని వైద్యసేవ చరిత్ర సగము చరిత్రయే.

ఊరి వెలుపలి రోగులు

మూడవ అడ్డు భయము. కుష్ఠురోగి ఆసుపత్రికి రాలేకపోవుట కాదు, రానిచ్చెడివారు లేరు. సత్రములో చోటు లేదు, బావి దగ్గర చోటు లేదు, కొన్ని చోట్ల స్వంత ఇంటిలోను చోటు లేదు. 1898 నాటి చట్టము ప్రకారము బిచ్చమెత్తు కుష్ఠురోగిని పట్టి ఆశ్రమమునకు పంపవచ్చును. అనగా ప్రభుత్వము కూడ రోగిని ప్రజలనుండి దాచుటనే ఆలోచించినది.

1907లో వెస్లియన్ మిషను పక్షమున నిజామాబాదు ప్రాంతమునకు వచ్చిన డాక్టరు ఇసబెల్ కెర్ దొరసానిగారును, ఆమె భర్త జార్జి కెర్ దొరగారును డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల కొరకు ఆసుపత్రి స్థాపించినారు. 1915 నుండి అచ్చట రోగులను చేర్చుకొన్నారు. ఇందుకు పెద్ద విరాళమిచ్చినవారు రాజా నర్సా గౌడ్ గారు. ఆయన హిందూ మతస్థుడు. స్వస్థత పనిలో మతభేదము లేదని ఆ దానము నేటికిని సాక్ష్యమిచ్చుచున్నది. కుష్ఠునకు అప్పుడు సరియైన మందు లేదు. హిడ్నోకార్పస్ గింజల నూనెను సూదిమందుగా ఇచ్చుట ఆ దినములలో పెద్ద ఆశ. అది బాధాకరము, ఫలితము కొందరికే. అయినను డిచ్‌పల్లి ఒక పెద్ద మార్పు తెచ్చినది. దాని వాకిలి చావు కొరకు ఎదురుచూచు ఆశ్రమపు వాకిలి కాదు, చికిత్స పొంది తిరిగి పోవు ఆసుపత్రి వాకిలి.

తరువాత డాప్సోను మాత్ర వచ్చినది. 1982లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పలు మందులు కలిపి ఇచ్చు పద్ధతిని సిఫారసు చేసినది. నేడు కుష్ఠు మాత్రలతో నయమగు వ్యాధి. తొలి దినములలోనే చికిత్స మొదలుపెట్టినయెడల అంగవైకల్యము రాదు. మందు మొదలైన కొద్దికాలములోనే ఇతరులకు అంటు స్వభావము పోవును. అయినను భయము మందుకంటె నెమ్మదిగా నయమగును. 1898 నాటి చట్టము రద్దయినది 2016లో. క్రైస్తవులమైన మనకు వర్తించు విడాకుల చట్టములో సైతము కుష్ఠు ఒక కారణముగా ఉండెను. దానిని పార్లమెంటు తొలగించినది 2019లో. మాత్రతో నయమగు జబ్బు అని లోకమునకు తెలిసిన దశాబ్దముల తరువాత కూడ చట్టము దానిని పెండ్లి బంధము త్రెంచు కారణముగా ఉంచినదంటే, అడ్డు ఎక్కడ నున్నదో మనము ఆలోచింపవలెను.

కొండగాలి, కూలి దినము

నాలుగవ అడ్డు చాల మందికి కనబడనిది. అది కాలము, కూలి.

క్షయవ్యాధికి మందు లేని రోజులలో విశ్రాంతి, మంచి గాలి, బలమైన ఆహారమే చికిత్స. ఇందు కొరకు అనేక మిషనులు ఏకమై 1912లో మదనపల్లె దగ్గర శానిటోరియం స్థాపించినవి. డెన్మార్కు దేశపు డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ గారు దానిని నడిపినారు. ఆ స్థలమునకు ఆరోగ్యవరము అని పేరు వచ్చినది. ఒక్కొక్క మిషను ఒక్కొక్క గోడ కట్టుకొనుచున్న కాలములో, రోగి కొరకు అందరు ఒక కప్పు క్రిందికి వచ్చుట గొప్ప సంగతి. దూర రాష్ట్రముల నుండియు రోగులు వచ్చినారు. ఎందరో బ్రతికి ఇండ్లకు వెళ్లినారు.

కాని నెలల తరబడి శానిటోరియంలో పడకపై నుండగలవాడెవడు? దినకూలి చేయువాడు మంచము పట్టితే ఆ రాత్రికే పొయ్యి వెలుగదు. పడకలు కొన్ని వందలు, రోగులు దేశమంతట లక్షలు. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడినది, 1952లో ఐసోనయజిడ్ వాడుకకు వచ్చినది. అప్పుడు ఒక ప్రశ్న లేచినది. మందు ఉన్న తరువాత పడక తప్పనిసరియా?

దీనికి జవాబు మద్రాసులో దొరికినది. 1956లో అచ్చట క్షయ చికిత్సా పరిశోధన కేంద్రము నెలకొల్పి, బీద రోగులను రెండు గుంపులుగా చేసినారు. ఒక గుంపును శానిటోరియంలో మంచి ఆహారముతో, విశ్రాంతితో ఉంచినారు. రెండవ గుంపువారు తమ ఇరుకైన ఇండ్లలోనే ఉండి అవే మాత్రలు ఒక సంవత్సరము మ్రింగినారు. 1959లో ఫలితములు ప్రచురింపబడినవి. ఇంటివద్ద నున్నవారును దాదాపు అంతే బాగుపడినారు. ఇంటిలోని ఇతరులకు అదనముగా వ్యాధి అంటలేదు. ఈ ఒక్క పరిశోధన ప్రపంచమంతట క్షయ చికిత్సను మార్చివేసినది. రోగిని మందు దగ్గరకు తెచ్చుటకు బదులు, మందును రోగి ఇంటికి పంపు మార్గము తెరచినది.

రోడ్డు ప్రక్కన ఆసుపత్రి

ఇదే మార్గమును వెల్లూరులో డాక్టరు ఐడా స్కడర్ గారు అంతకు చాల ముందే త్రొక్కినారు. ఆర్కాటు మిషనుకు తమిళ గ్రామములతోపాటు చిత్తూరు, మదనపల్లె, పుంగనూరు వంటి తెలుగు ప్రాంతములును చెందియుండెను గనుక వెల్లూరు మనకు పరాయిది కాదు. 1902లో నలువది పడకలతో అచ్చట షెల్ ఆసుపత్రి తెరువబడినది. కొద్ది సంవత్సరములకే ఆమె వారమునకొకసారి మందులతో గుడియాత్తం దారిన బయలుదేరి, చెట్ల నీడలలో ఆగి, రోడ్డు ప్రక్కనే రోగులను చూచుట ప్రారంభించినారు. 1918లో స్త్రీల కొరకు వైద్య పాఠశాల పెట్టినారు. సంఘములు పంపిన యువతులు అచ్చట చదివి తిరిగి తమ మిషను ఆసుపత్రులకు వచ్చినారు. ఒక్క డాక్టరు ఎన్ని ఊళ్లు తిరుగగలదు అను ప్రశ్నకు, ఇంకను డాక్టర్లను తయారుచేయుటయే ఆమె చెప్పిన జవాబు.

సంఘము తన్ను తాను ప్రశ్నించుకొనుట

ఇన్ని జరిగినను, 1960 దశకములో ప్రపంచ క్రైస్తవ సంఘములు తమ వైద్యసేవను పరిశీలించుకొన్నప్పుడు ఒక చేదు నిజము బయలుపడినది. సంఘముల వైద్య ధనములో బహు ఎక్కువ భాగము ఆసుపత్రుల లోపలి చికిత్సకే పోవుచున్నది. ఆసుపత్రి గోడకు కొద్ది మైళ్ల దూరములోనే నివారింపదగిన జబ్బులతో పసిబిడ్డలు చనిపోవుచున్నారు. ఈ విషయమై ఆలోచించుటకు ప్రపంచ సంఘముల సమితి 1968లో క్రైస్తవ వైద్య కమిషనును ఏర్పరచినది.

మన దేశములో దీనికి ఆచరణ రూపమిచ్చినవారిలో ముఖ్యులు డాక్టరు రజనీకాంత్ ఆరోలే, డాక్టరు మేబెల్ ఆరోలే దంపతులు. వెల్లూరులో చదివిన వీరు 1970లో మహారాష్ట్రలోని జాంఖేడ్ అను కరువు ప్రాంతమునకు వెళ్లినారు. ప్రతి ఊరినుండి ఒక స్త్రీని ఎన్నుకొని ఆరోగ్య సేవకురాలిగా తర్ఫీదు ఇచ్చినారు. వారిలో చాలమందికి అక్షరములు రావు, పలువురు దళిత స్త్రీలు. నీరు మరగించుట, విరేచనములైన బిడ్డకు ఉప్పు చక్కెర కలిపిన నీరు త్రాగించుట, గర్భిణిని ముందుగా గుర్తించుట, కాన్పు చేయుట వారు నేర్చుకొన్నారు. ఊరు వారి మాట విన్నది. పిల్లల మరణములు తగ్గినవి. 1979లో ఈ దంపతులకు మెగసెసే బహుమానము వచ్చినది.

క్రైస్తవ వైద్య కమిషను అనుభవములను ప్రపంచ ఆరోగ్య సంస్థ డైరెక్టరు జనరల్ హాఫ్‌డాన్ మాలర్ గారు ఆసక్తితో స్వీకరించినారు. ఆయన అంతకు ముందు సుమారు పది సంవత్సరములు భారతదేశములో క్షయ నివారణలో పని చేసినవారు. 1978 సెప్టెంబరులో ఆల్మా ఆటా నగరములో జరిగిన మహాసభ, ఆరోగ్యము ప్రతి మనిషి హక్కు అని ప్రకటించి, 2000 సంవత్సరము నాటికి అందరికీ ఆరోగ్యము అను లక్ష్యమును లోకము ముందుంచినది. ఆ గడువు దాటిపోయినది. లక్ష్యము నిలిచియున్నది.

నేటి అడ్డులు

ప్రభుత్వము చేసినదానిని కూడ మనము కృతజ్ఞతతో చెప్పుకొనవలెను. 1946లో భోర్ కమిటీ సిఫారసు చేసిన ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు 1952 నుండి వెలసినవి. 2005లో గ్రామీణ ఆరోగ్య మిషనుతో ఆశా కార్యకర్తలు వచ్చినారు. ఊరి స్త్రీయే ఊరికి ఆరోగ్య సేవకురాలు అను ఈ ఆలోచన వెనుక జాంఖేడ్ వంటి చోట్ల అనుభవము కలదు. అదే సంవత్సరము హైదరాబాదులో 108 అంబులెన్సు సేవ మొదలైనది. 2007లో ఆరోగ్యశ్రీ మొదట మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ఆరంభమై, గుండె ఆపరేషను అనునది బీదవానికి అసాధ్యము కాదనిపించినది.

అయినను అడ్డులు తీరలేదు, రూపము మార్చుకొన్నవి. కార్డులు ప్రధానముగా ఆసుపత్రిలో చేరిన తరువాతి చికిత్సకు అక్కరకు వచ్చును. నెలనెల కావలసిన బీపీ మాత్రలకు, షుగరు మాత్రలకు, పరీక్షలకు ఎందరో బీదలు చేతి డబ్బే పెట్టుచున్నారు. మాత్ర మానినవానికి కొన్నాళ్లు ఏమియు తెలియదు. తెలిసిన దినమున పక్షవాయువుగానో, గుండెపోటుగానో, మూత్రపిండముల జబ్బుగానో తెలియును. ఒంటరి ముసలివారికి మందు ఉచితమైనను తెచ్చిపెట్టువారు లేరు.

మన మిషను ఆసుపత్రుల సంగతియు దాచవలసినది కాదు. విదేశీ ధనము, విదేశీ డాక్టర్లు తగ్గిన తరువాత కొన్ని మూతబడినవి, కొన్ని పేరుకు నడచుచున్నవి. కొన్ని ప్రదేశములలో ఆసుపత్రి స్థలము విలువ పెరిగినకొలది ఆసుపత్రి విలువ తగ్గినది. దుకాణముల అద్దెను గూర్చి జరిగినంత చర్చ కాన్పు గదిని గూర్చి జరుగకపోవుట మన పెద్దలు ఆలోచింపవలసిన సంగతి. పాత భవనములన్నిటిని తిరిగి లేపుట సాధ్యము కాకపోవచ్చును. అయితే పైన చెప్పిన చరిత్రలో భవనమెప్పుడును మొదట రాలేదు.

కాబట్టి ప్రతి సంఘము చేయదగినవి మూడు మనవి చేయుచున్నాము. మొదటిది, నెలకొక ఆదివారము ఆరాధన తరువాత మన సంఘములలోని నర్సులు, పదవీ విరమణ చేసిన నర్సులు బల్ల వేసికొని కూర్చుండి, సభ్యులకే గాక వీధి వారందరికి బీపీ, షుగరు పరీక్ష చేసి, పుస్తకములో వ్రాసి, తప్పిపోయినవారి ఇంటికి వెళ్లవలెను. రెండవది, క్షయరోగికి ప్రభుత్వ మందు ఉచితముగా దొరకును, కాని తిండి చాలక మాత్రలు మానువారు కలరు. 2022లో ఆరంభమైన నిక్షయ మిత్ర పథకము క్రింద ఎవరైనను ఒక రోగికి కొన్ని నెలలు ఆహారపు సంచి ఇవ్వవచ్చును. స్త్రీల సమాజము ఒక్కొక్కటి ఒక్కొక్క రోగిని తీసికొనవలెను. మూడవది, కార్డు కాగితములు తెలియనివారికి, పెద్దాసుపత్రిలో ఏ గదికి పోవలెనో తెలియనివారికి తోడు వెళ్లుటకు యువజనులను ఏర్పరచవలెను. జిల్లా ఆసుపత్రి వరండాలో చీటి పట్టుకొని దిక్కులు చూచు పల్లెటూరి తల్లికి చదువుకొన్న ఒక పిల్లవాడు ప్రక్కన నిలుచుట గొప్ప వైద్యము.

వీటికి పెద్ద ధనము అక్కరలేదు. విదేశపు బోర్డు అనుమతియు అక్కరలేదు. మంచమునకు నాలుగు కోళ్లు, మోయుటకు నలుగురు మనుష్యులు చాలును. మన తాతముత్తాతలలో అనేకులు అటువంటి నలుగురి చేత మోయబడి బ్రతికినవారే. వచ్చు నూరేండ్లలో మన సంఘముల వాకిటనుండి ఏ రోగియు దారి లేక తిరిగి పోకుండునట్లు ప్రభువు మనలను బలపరచును గాక.